వస అరగదీసే ముందు చెవిని పరీక్షించండి

పసిబిడ్డకు మాట త్వరగా రావాలని వసకొమ్మును సానరాతి మీద అరగదీసి, తేనెతో నాలుకకు రాయడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుగా పిలుస్తాము. వసను నేను తక్కువ చేయబోవడం లేదు. గురుకులంలో గురువుగారి సన్నిధిలో నేను మొదట నూరిన మూలికలలో అది ఒకటి. అయితే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో మాటలు రాని పిల్లలను చూసిన కొలదీ నాలో దృఢపడిన అభిప్రాయం ఒక్కటే: చెవి సంగతి తేలనిదే నాలుకకు మందు పెట్టరాదు.

వాక్కు ఉదానవాయువు కార్యమని వాగ్భటుడు చెప్పాడు. కఫంతో కూడిన వాయువు శబ్దవహ ధమనులను ఆవరించినప్పుడు మూకత్వం, మిన్మినత్వం, గద్గదత్వం కలుగుతాయని సుశ్రుతుడు వివరించాడు. అసలు మాట రాకపోవడం, ముక్కుతో పలకడం, తడబడుతూ పలకడం వేరు వేరు అవస్థలని ప్రాచీనులే విడదీసి చూశారు. మనం మాత్రం మూడింటికీ ఒకే కొమ్ము అరగదీస్తున్నాము.

వినని శబ్దాన్ని బిడ్డ పలకలేదు. పుట్టుచెవుడు గల శిశువు కూడా మొదటి నెలలలో ఊ కొడుతుంది, కేరింతలు పెడుతుంది. అందువల్ల తల్లికి అనుమానం రాదు. క్రమంగా ఆ ముద్దుపలుకులు తగ్గిపోతాయి. అప్పుడు, “వాళ్ల నాయనకూ ఆలస్యంగానే వచ్చాయిలే” అని అవ్వ ధైర్యం చెబుతుంది. మనది కరువు సీమ. తల్లిదండ్రులు కూలికి వలస పోగా అవ్వాతాతల వద్ద పెరిగే బిడ్డల విషయంలో ఈ ఆలస్యం మరీ ఎక్కువ.

కంచుపళ్లెం మోగిస్తే తిరిగి చూసింది కదా అంటారు. ఆ పరీక్షను నమ్మవద్దు. కొందరు పిల్లలకు పెద్ద శబ్దాలు వినబడతాయి గాని స, శ, చ వంటి సన్నని ధ్వనులు అందవు. తర్లుపాడు వైపు నుంచి ఒకసారి ఆరేళ్ల పిల్లను తెచ్చారు. పలక మీద అక్షరాలు ముత్యాలవలె దిద్దుతుంది, నోటితో ఒక్కటీ అనలేదు. నాలుగేళ్లు వస నాకించారు. నాలుక కింది పొరను కూడా కోయించారు. నాలుక అంటుకొని ఉంటే కొన్ని అక్షరాలు తప్పవచ్చును గాని అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. చెవి పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువని తేలింది.

చెవిలో చీము కారుతున్నప్పుడు వెల్లుల్లి కాచిన నూనె పోయడం మరొక అలవాటు. కర్ణపూరణం శాస్త్రోక్తమే. అయితే కర్ణభేరికి రంధ్రం పడిన చెవిలో నూనె పోయరాదు. మానని చీము వినికిడిని తగ్గిస్తుంది, ఆ వయస్సులో మాటనూ వెనుకకు లాగుతుంది.

వస విషయంలోనూ జాగ్రత్త అవసరం. శుద్ధి చేయని వస మోతాదు మించితే వాంతులు కలిగిస్తుంది. అందులోని బీటా అసరోన్ అనే పదార్థం కారణంగా అమెరికా 1968లో ఆహారపదార్థాలలో వసను నిషేధించింది. ఏడాది నిండని శిశువుకు తేనె కూడా పెట్టరాదని నేటి వైద్యులు చెప్పే మాటను నేను అంగీకరిస్తాను.

మేనరికాల మాట ఎత్తితే పెద్దలకు కోపం వస్తుంది. అయినా చెప్పక తప్పదు. దగ్గరి రక్తసంబంధపు వివాహాలలో పుట్టుచెవుడు గల బిడ్డలు కలిగే అవకాశం ఎక్కువ. ఆ ఇళ్లలో పుట్టిన బిడ్డకు మాట వచ్చే వరకు ఆగకుండా ముందే పరీక్ష చేయించాలి.

ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపలేకపోయినా ఒంగోలు లేదా కర్నూలు ప్రభుత్వ వైద్యశాలలో చెవి వైద్యులకు చూపండి. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉన్నది. బిడ్డ నిద్రలో ఉండగానే చేసే బెరా పరీక్షకు నొప్పి ఉండదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుచెవుడు కూడా చేరి ఉన్నది, కనుక అంగన్‌వాడీలో అడగండి. చెవి బాగుండి కూడా పేరు పిలిస్తే పలకని, ముఖం చూడని బిడ్డను పిల్లల వికాస నిపుణులకు చూపాలి.

బ్రాహ్మి, సారస్వతారిష్టం నేను ఇప్పటికీ ఇస్తున్నాను. అయితే చెవి పరీక్ష కాగితం చూసిన తరువాతనే. వినికిడి యంత్రం పెట్టిన బిడ్డకు దానితోపాటు నేను రాసే పథ్యం ఒకటున్నది: తల్లి చింతపండు పిసుకుతున్నా, జొన్నలు చెరుగుతున్నా, చేస్తున్న పనిని బిడ్డకు ఎదురుగా కూర్చొని, పెదవులు కనబడేటట్లు, రోజంతా చెబుతూ ఉండాలి.