ఇల్లు ఆమెది, సంతకం ఎవరిది?

ఇల్లు అమ్ముడుపోకపోతే ఏం చేయాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. సున్నం వేయించమంటారు, వీధి గుమ్మం వాస్తు చూపించుకోమంటారు, ధర కాస్త తగ్గించమంటారు. ఇవన్నీ అమ్మేది మగవాడనుకుని చెప్పే సలహాలు. ఎన్టీఆర్ జిల్లా తిరువూరులోనో, పక్కనున్న గంపలగూడెం, విస్సన్నపేటలలోనో ఒంటరి స్త్రీ తన పేరున ఉన్న రెండు గదుల డాబా అమ్మకానికి పెట్టిందనుకోండి. కొనేవాడు ఇల్లు చూస్తాడు, ధర ఒప్పుకుంటాడు, బయానా ఇచ్చేముందు ఒక్క మాట అడుగుతాడు: "మీ అబ్బాయి సంతకం పెడతాడా అమ్మా?" కొడుకు లేకపోతే మరిది, మరిది లేకపోతే అన్న. బేరం అక్కడ ఆగిపోతుంది.

తర్వాత జరిగేది మన కార్యకర్తలకు కొత్త కాదు. ఆ మగవాడికి తన సంతకమే ఒక ఆస్తి అవుతుంది. వాటా అడుగుతాడు, లేదా సగం ధరకు తానే కొంటానంటాడు. వైద్యానికి డబ్బు కావలసిన ఆమె, కొట్టే భర్తకు దూరంగా వేరే ఊళ్లో బతకాలనుకున్న ఆమె ఎంతకైనా తలొగ్గుతుంది. ఊళ్లో మాత్రం "పాపం, ఆమె ఇల్లు పోవడం లేదు" అని జాలిపడతారు.

చట్టం ఏమంటోంది? 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీ కొనుక్కున్న ఇల్లయినా, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిందయినా, పంపకంలో వచ్చిందయినా ఆమె దానికి సంపూర్ణ యజమాని. బతికినంత కాలం అనుభవించవచ్చు గానీ అమ్మకూడదనే పాత పద్ధతి దానితో పోయింది. దస్తావేజులోనో వీలునామాలోనో పరిమితి పెట్టి ఇచ్చిన ఆస్తి దగ్గరే తగువులు మిగిలాయి.

అలాంటి తగువే మన రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన తులశమ్మ కేసు. భర్త చనిపోయాక ఆమె భరణం కోసం భర్త సోదరుడి మీద దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి వచ్చింది, అమ్మకూడదన్న షరతుతో. 1961లో ఆమె అందులో కొంత అమ్మింది. వెంటనే ఆయన కోర్టుకెక్కాడు. భరణం హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణంగా చెందుతుందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1977 వచ్చింది. తనదాన్ని తాను అమ్ముకున్నందుకు పదహారేళ్లు! ఈ సెక్షను మీద తీర్పులు ఒకదానికొకటి పొసగడం లేదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను పెద్ద బెంచికి పంపింది. కాబట్టి భరణం కింద వచ్చిన ఇల్లు అమ్మేవాళ్లు ముందు వకీలుకు కాగితం చూపించుకోవాలి.

అసలు ఎవరి సంతకమూ అక్కర్లేదని నేననడం లేదు. భర్త స్వార్జితంతో కట్టిన ఇల్లు, ఆయన వీలునామా లేకుండా పోయాడు. అప్పుడు భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి సమాన వారసులు. (క్రైస్తవ కుటుంబాల్లో 1925 చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు, ముస్లిం కుటుంబాల లెక్క వేరు.) ఇక్కడ అందరి సంతకాలూ కావాలి. చిత్రమేమిటంటే కొడుకు సంతకం కోసం నెలల తరబడి పడిగాపులు కాసేవాళ్లు కూతురి సంతకం ఊసెత్తరు. ఎత్తినా చీర పెట్టి హక్కు విడుదల రాయించుకుంటారు. ఒక వారసుడు మొండికేస్తే పంపకం దావా ఉంది. పంచడానికి వీలుకాని ఇంటిని అమ్మించి డబ్బు పంచమని 1893 నాటి పార్టిషన్ చట్టం కింద కోర్టును అడగవచ్చు.

ఇదే మగవాడు తన ఇల్లు అమ్మితే? 2005 గృహహింస చట్టం భార్యకు ఆ ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. హింస జరిగిన చోట అమ్మకాన్ని ఆపమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. "మీ ఆవిడ ఒప్పుకుందా?" అని బయానా ఇచ్చేముందు అడిగే కొనుగోలుదారు ఎక్కడున్నాడు?

ప్రభుత్వ పట్టాల విషయంలో మనలో మనకే పేచీ ఉంది. 2020 డిసెంబరు నుంచి లక్షల ఇళ్లస్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరున ఇచ్చారు. పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర. ఎసైన్డు భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం వీటి మీద ఉంది. ఇళ్లస్థలాలకు ఇటీవలి సవరణలు గడువు పెట్టి సడలింపు ఇచ్చాయి. "గడువు కూడా వద్దు, అమ్మనివ్వకపోవడమే మేలు, తాగుబోతు మొగుడు వేలిముద్ర వేయిస్తాడు" అని మన కార్యకర్తలే కొందరంటారు. ఆ భయం నిజమే, 1992 సారా పోరాటం చూసినవాళ్లెవరూ కాదనలేరు. కానీ నిషేధం అమ్మకాన్ని ఆపిందా? తెల్లకాగితం మీద, దక్కినకాడికి అమ్మించింది. అలా కొన్నవాడికి హక్కు రాదు, అమ్మినామెకు సరైన ధర రాదు. మొగుడు అమ్మించకుండా కాపాడాలంటే ఆమెను విడిగా కూర్చోబెట్టి ఇష్టం అడిగే ఏర్పాటు రిజిస్ట్రారాఫీసులో పెట్టమని మనం అడగాలి. ఆమె చేతులు కట్టేసి కాపాడామనుకోవడం నాకు ఒప్పుదల కాదు.

ఇల్లు అమ్మదలచిన స్త్రీ మన దగ్గరకొస్తే ముందు ఈసీ తీయించండి, పాత లింకు దస్తావేజులు ఒకచోట చేర్చండి, ఇంటిపన్ను ఎవరి పేరున ఉందో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింది నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరుందేమో కనుక్కోండి. పట్టా అయితే తేదీ, షరతులు చదివి వినిపించండి. తిరగలేవు కదా అని ఎవరు చెప్పినా జీపీఏ మీద సంతకం పెట్టనివ్వకండి. అది ఇల్లు అమ్మినట్టు కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది, మోసాలకు మాత్రం బాగా పనికొస్తోంది. అసలు దస్తావేజు బ్రోకరు చేతికివ్వకూడదు. కొనేవాడు కొడుకు సంతకం కావాలంటే, ఏ హక్కు కింద కావాలో చెప్పమని అడగండి. దస్తావేజు లేఖరి దగ్గర కూడా అదే ప్రశ్న. రిజిస్ట్రేషను రోజు ఇద్దరు ఆమె వెంట వెళ్లండి. డబ్బు ఆమె ఒక్కదాని పేరున ఉన్న ఖాతాలో పడ్డాకే వేలిముద్ర.