పాట మనదే, ఫీజు కూడా మనదేనా?

"మీ పాటను సినిమాకో, వెబ్ సిరీస్‌కో, ప్రకటనకో చేరుస్తాం. ముందు ఫీజు కట్టండి." సొంతంగా పాటలు రికార్డు చేసుకునే కళాకారులకు ఇలాంటి ఆన్‌లైన్ సేవలు ఎదురవుతున్నాయి. కొన్ని ఏడాది చందా తీసుకుంటాయి, కొన్ని పంపిన ప్రతి పాటకూ వసూలు చేస్తాయి. పాట ఎంపికైతేనే వాటా తీసుకునేవీ ఉన్నాయి.

ఈ తేడాయే అసలు విషయం. వాటా తీసుకునేవారికి మన పాట అమ్ముడైతేనే లాభం. ముందే ఫీజు తీసుకున్నవారికి అమ్ముడుపోకపోయినా నష్టం లేదు. పైగా ఫీజు కట్టగలిగినవారి పాటే వినే చోట, కూలికి పోతూ పాడేవాళ్లు గుమ్మం బయటే ఉండిపోతారు. ఊరి కోసం వెట్టిగా డప్పు కొట్టిన తరాల పిల్లలం మనం. ఆనాడు వాయించినదానికి సరైన కూలి లేదు. ఈనాడు వినిపించుకోవడానికి ఎదురు డబ్బు కట్టాలా?

పేరొచ్చినంత మాత్రాన డబ్బు రాదు. దళిత కళాకారుడు అరివు రాసి, ధీతో కలిసి పాడిన తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి' 2021లో దేశమంతా మోగింది. దాని నుంచి తమ ముగ్గురికీ ఆదాయం అందలేదని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ 2024లో బహిరంగంగా చెప్పారు.

అందుకే ముందు ఒప్పందం చదవాలి. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం ప్రకారం, గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది ఐదేళ్లకే పరిమితం.

ముందస్తు ఫీజు వద్దు. పాట అమ్ముడైతే వాటా ఇద్దాం. సంతకం మాత్రం ఒంటరిగా కాదు, బృందమంతా కూర్చుని, లాయరుకు చూపించాకే పెడదాం.