పాత కట్టడాలు, కార్మికుల గృహవసతి

పురాతన కట్టడాల పరిరక్షణ అనగానే తాళం వేసిన మహలు మన కళ్ళ ముందు మెదులుతుంది. కార్మికుల గృహవసతి అనగానే ఊరికి పది మైళ్ళ అవతల, బస్సు కూడా సరిగా పోని లేఔటు గుర్తుకు వస్తుంది. ఈ రెండు సమస్యలనూ కలిపి పరిష్కరించవచ్చునని ఇటలీలోని బొలోనా నగరం అర్ధశతాబ్దం క్రితమే చూపింది.

కమ్యూనిస్టుల పాలనలోని ఆ పురపాలక సంఘం 1973లో పాతనగరంలో శిథిలమవుతున్న వరుస ఇళ్ళను ప్రజా గృహవసతి పథకంలో చేర్చింది. వాస్తుశిల్పి పియెర్ లుయీజీ చెర్వెల్లాటి దానికి సారథి. గోడలతోపాటు అందులో బ్రతికే జనాన్ని కూడా నిలపాలన్నది ఆ ప్రణాళిక సారాంశం. ఇళ్ళను స్వాధీనపరచుకొనే ప్రతిపాదనను చిన్న యజమానులు తీవ్రంగా ప్రతిఘటించగా, సంఘం ఒప్పందాల మార్గం పట్టింది: మరమ్మతుకు ప్రభుత్వ సహాయం, అందుకు బదులుగా అద్దెపై నియంత్రణ. దీనిని కొందరు రాజీ అన్నారు. నా దృష్టిలో ఆ రాజీయే పథకాన్ని బ్రతికించింది.

ఇక బొంబాయి సంగతి. తెలంగాణా నుండి వలస వెళ్ళిన నేతకార్మికులు కూడా చెమటోడ్చిన మిల్లులవి. 1982 జనవరిలో మొదలైన మహాసమ్మె తరువాత అనేకం మూతబడ్డాయి. ఆ భూములను నగరానికి, ప్రజా గృహవసతికి, యజమానికి దాదాపు మూడు వాటాలుగా పంచాలని 1991 నిబంధన చెప్పింది. 2001 సవరణ ఆ పంపకాన్ని ఖాళీ స్థలానికే పరిమితం చేసింది. కట్టడాలు నిలిచిన నేల లెక్కలోనికి రాలేదు! 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఫీనిక్స్ మిల్లు నేడు విలాసాల అంగడి. ఒక్క మాట మార్పుతో ఎన్ని కుటుంబాల నీడ పోయిందో గమనించండి.

రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు ఇది పరాయి కథ కాదు. రైల్వే కాలనీలను ప్రైవేటు నిర్మాతల ద్వారా పునర్నిర్మించి, మిగిలిన నేలను దీర్ఘకాలపు లీజుకిచ్చే పద్ధతి వచ్చేసింది. ప్రతి పాత భవనమూ ఇల్లు కాజాలదు. కొన్నింటికి నీటిగొట్టాలు, మరుగుదొడ్లు అమర్చే ఖర్చే కొత్త కట్టడపు ఖర్చును మించవచ్చు. కాని ఆ నిర్ణయం లీజుదారుని ఇంజనీరు ఒక్కడే చేయరాదు. ఏ క్వార్టర్లనైనా నివాసయోగ్యం కావని ప్రకటించకముందు యూనియన్ ప్రతినిధి సమక్షంలో తనిఖీ జరగాలి, మరమ్మతు అంచనా బహిరంగపరచాలి. నాలుగవ తరగతి ఉద్యోగికి దక్కవలసిన ఇళ్ళ సంఖ్యను ఒప్పందంలోనే వ్రాయించాలి. బ్రాంచీలు తమ పరిధిలోని పాత కట్టడాల జాబితా నేడే తయారు చేయనారంభించాలి.