పసిబిడ్డను గడప దాటించే ముందు

మా పిల్లల వార్డులో పనిచేసే వాళ్ళందరికీ ఒక సంగతి అనుభవంలో ఉంది. క్రిస్మస్ వారం గడిచాక, పెళ్ళిళ్ళ రోజులు మొదలయ్యాక, పెద్ద సభలు ముగిసిన మూడు నాలుగు రోజులకు నెల తిరగని పసికందుల రాక పెరుగుతుంది. ముక్కులు మూసుకుపోయి, పాలు తాగలేక, డొక్కలు ఎగరేస్తూ వస్తారు. వెంట వచ్చిన పెద్దవాళ్ళు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "మొన్నటిదాకా బాగానే ఉంది సిస్టరమ్మా, ఏమైందో ఏమో!"

ఏమైందో చాలాసార్లు మాకు తెలుసు. ఆ సమయంలో తల్లి మనసు నొప్పించలేక ఊరుకుంటాం. ఈ పత్రికలో ఎవరి వైపూ వేలు చూపనక్కరలేదు గనుక మనసులో మాట రాస్తున్నాను.

ఇద్దరు బిడ్డల సంగతి చెబుతాను. మొదటిది 18 రోజుల ఆడబిడ్డ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టింది. ఆ సంతోషంలో చర్చి ఆవరణలో షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. వచ్చిన వాళ్ళంతా బిడ్డను ఎత్తుకున్నారు, ముద్దులాడారు. వాళ్ళలో ఒకరిద్దరికి జలుబు ఉన్నట్టు తల్లి గమనించింది కూడా. కానీ "వద్దంటే ఏమనుకుంటారో" అని నోరు మెదపలేదు. నాలుగో రోజుకు బిడ్డ రొమ్ము పట్టడం మానేసింది. ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉండి, దేవుని దయవల్ల కోలుకుంది. "అందరి దీవెనలూ అందాలని తీసుకెళ్ళామమ్మా" అని అమ్మమ్మ ఏడ్చింది. ఆమె ప్రేమలో లోపమేమీ లేదు.

రెండోవాడు మగబిడ్డ. పుట్టిన నాలుగో రోజున ఒళ్ళు పసుపు పచ్చబడింది. తల్లి ఆసుపత్రికి వెళదామంది. "పదకొండు రోజులు నిండకుండా గడప దాటించకూడదు, పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెడితే అదే తగ్గుతుంది" అన్నారు పెద్దలు. తొమ్మిదో రోజున తెచ్చేసరికి పసుపు అరిచేతులకూ అరికాళ్ళకూ పాకింది. బిడ్డ మెడ వెనక్కి విరుచుకుంటున్నాడు. ప్రాణం నిలిచింది గాని ఆ పిల్లవాడికి వినపడదు. కామెర్ల పసుపు రక్తంలో మితిమీరితే మెదడుకు, వినికిడి నరానికి దెబ్బ తగులుతుంది. సకాలంలో నీలి దీపాల కింద ఉంచి ఉంటే చాలావరకు తప్పిపోయే కష్టం అది.

ఒక ఇంటివారు తీసుకెళ్ళకూడని చోటికి తీసుకెళ్ళారు. ఇంకో ఇంటివారు తీసుకెళ్ళవలసిన చోటికి తీసుకెళ్ళలేదు. నా అభిప్రాయమంతా ఇందులోనే ఉంది. పసిబిడ్డను బయటికి తీసుకెళ్ళవచ్చా, కూడదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎందుకు తీసుకెళుతున్నాం, ఎవరి మధ్యకు తీసుకెళుతున్నాం, ఎలా తీసుకెళుతున్నాం అన్నవే ప్రశ్నలు.

పురిటి గదిని వెక్కిరించవద్దు

బాలింతనూ బిడ్డనూ కొన్నాళ్ళు ఒక గదిలో ఉంచే మన పాత పద్ధతిని చదువుకున్న వాళ్ళు కొందరు మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. నేను అలా అనను. పుట్టిన మొదటి 28 రోజులు బిడ్డకు అన్నిటికంటె సున్నితమైన కాలం. ఒంట్లో వేడిని నిలుపుకునే శక్తి తక్కువ. చిన్న ముక్కు కాస్త మూసుకుపోయినా పాలు తాగలేదు. తల్లి నుండి వచ్చిన రక్షణ కొంత ఉన్నా, అది అన్ని జబ్బులనూ ఆపదు. కోరింత దగ్గుకు వేసే మొదటి టీకా ఆరు వారాలకు గాని పడదు. తట్టుకు వేసే టీకా తొమ్మిది నెలలు నిండాకే. ఆర్.ఎస్.వి. అనే వైరస్ పెద్దవాళ్ళకు మామూలు జలుబుగా వచ్చి పోతుంది. పసివాళ్ళకు అదే ఊపిరితిత్తుల దాకా దిగి ఆయాసం తెస్తుంది. పెదవి మీద జ్వరపు పొక్కులున్నవారు పెట్టే ముద్దు కూడా నెలలోపు బిడ్డకు ప్రమాదకరమే. మన పెద్దలకు ఈ క్రిముల పేర్లు తెలియవు గాని గుంపును దూరం పెట్టాలని తెలుసు.

విచారమేమిటంటే ఆ పద్ధతిలోని మంచిని వదిలేసి అడ్డును పట్టుకున్నాం. డాక్టరు దగ్గరకు వెళ్ళాలంటే "పురుడు తీరలేదు" అంటాం. బారసాలకు, ఫొటోలకు, చూడవచ్చే బంధువులకు మాత్రం తలుపులు బార్లా తెరుస్తాం. బిడ్డ గడప దాటకపోయినా ఊరంతా గడప లోపలికి వస్తే ఇంట్లో ఉంచిన ఫలితమేముంది? దానికి తోడు స్నానం తరువాత సాంబ్రాణి పొగ! మూసిన గదిలో ఆ పొగ పీల్చిన చిన్న ఊపిరితిత్తులకు బయటి దుమ్ము కంటె అదేమీ మేలు కాదు.

ఆపకూడని ప్రయాణాలు

కాన్పు అయిన రెండు మూడు రోజులకే ఇంటికి పంపుతున్నారు. కామెర్లు ఎక్కువగా ముదిరేది మూడో రోజు నుండి అయిదో రోజు మధ్య, అంటే ఇల్లు చేరాక. కాబట్టి తిరిగి రమ్మని చీటీ మీద రాసిన తేదీ వర్జ్యం చూసి మార్చుకునేది కాదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు కూడా అంతే. ఇంటికి వచ్చి చూసే ఆశా కార్యకర్తకు బిడ్డను దాచకుండా చూపించండి. 2011 నుండి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42 రోజులకు వచ్చి చూడాలి. ఆమె బరువు తూచేది, ఒళ్ళు తడిమి చూసేది ఊరికే కాదు.

ఈ క్రింది లక్షణాలు కనిపిస్తే ఏ రోజైనా, ఏ వేళైనా బయలుదేరవలసిందే: పాలు తాగడం తగ్గడం లేదా మానడం, మునుపటిలా కదలక మగతగా ఉండడం, నిద్రలో ఉన్నప్పుడు నిండు నిమిషం లెక్కపెడితే ఊపిరి 60 సార్లు లేదా అంతకు మించి ఉండడం, డొక్కలు లోపలికి పోవడం, ఫిట్స్, జ్వరం 99.5 డిగ్రీల ఫారెన్‌హీటు లేదా అంతకు మించడం. ఒళ్ళు చల్లబడి 95.9 డిగ్రీల కంటె తగ్గడం. పుట్టిన 24 గంటలలోపే పసుపు కనిపించడం లేదా ఎప్పుడైనా అరిచేతులు, అరికాళ్ళు పచ్చబడడం. బొడ్డు దగ్గర చీము. అర్ధరాత్రి అయితే 108కి ఫోను చేయండి. ఎండలో పడుకోబెట్టడం కామెర్లకు వైద్యం కాదు.

వాయిదా వేయగల ప్రయాణాలు

పెళ్ళి, పుట్టినరోజు, షాపింగు, సినిమా, తిరునాళ్ళు, మైకులు హోరెత్తే రాత్రి సభలు — ఇవేవీ బిడ్డ కోసం వెళ్ళేవి కావు, మన కోసం వెళ్ళేవి. మొదటి రెండు మూడు నెలలు, కనీసం మొదటి విడత టీకాలు పడే దాకా, వీటికి బిడ్డను తీసుకెళ్ళకపోతే కొంపలేమీ మునగవు. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. 2020లో కరోనా వచ్చినప్పుడు "దూరం నుండే చూడండి" అని ఎంత పెద్దవారికైనా చెప్పాం, వారూ అర్థం చేసుకున్నారు. ఆ ధైర్యం ఇప్పుడు ఎందుకు పోయింది?

ఇక చర్చి మాట. బిడ్డను తొందరగా దేవుని సన్నిధికి తేవాలన్న ఆశ మంచిదే. అయితే లూకా సువార్త చదివిన వారికి తెలుసు, మరియ యోసేపులు బాలుడైన యేసును యెరూషలేము దేవాలయానికి తీసుకెళ్ళింది శుద్ధి దినములు గడిచాకే. ధర్మశాస్త్రం ప్రకారం మగబిడ్డకు అవి నలభై రోజులు. ఆ తల్లే ఆగినప్పుడు మన తల్లులు రెండో ఆదివారానికే రావాలని మనం ఎందుకు ఆశించాలి? "ఇంకా గుడికి తేలేదేం?" అని అడిగే ముందు ఆలోచించండి. పాస్టరుగారు ఒక్కరు ఇంటికి వెళ్ళి, చేతులు కడుక్కుని, పక్కన కూర్చుని ప్రార్థన చేస్తే ఆ దీవెనకు వచ్చే లోటేమీ లేదు.

అయితే తల్లిని బంధించవద్దు

ఇదంతా చదివి ఎవరైనా కోడలిని మూడు నెలలు చీకటి గదిలో ఉంచితే నా మాటను తలకిందులు చేసినట్టే. గాలి వెలుతురు తల్లికీ కావాలి, బిడ్డకూ కావాలి. కాన్పు తరువాత కారణం లేకుండా ఏడ్చే తల్లులు, ఎవరితోనూ చెప్పుకోలేక కుమిలిపోయే తల్లులు మేము చూసిన వాళ్ళలో తక్కువేమీ కాదు. ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన బిడ్డను చల్లని సాయంత్రం వేళ అరుగు మీదికి, పెరట్లోకి, జనం లేని వీధిలోకి కాసేపు ఎత్తుకెళ్ళడం మంచిదే. ప్రమాదమంతా మూసిన హాలులో, గుంపులో, పొగలో ఉంది. నెలలు నిండకుండా పుట్టినవారు, రెండున్నర కిలోల కంటె తక్కువ బరువున్నవారు మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

బిడ్డను ఇంట్లో వదలడానికి ఎవరూ లేక, కూలికి వెళ్ళక తప్పక, చంకనేసుకుని వెళ్ళే తల్లులు కూడా ఉన్నారు. వారికి "బయటికి తేవద్దు" అని చెప్పే అర్హత నాకు లేదు. వారికి సాయం చేయవలసింది మనమే. ఒక పూట బిడ్డను చూసుకోవడమో, నాలుగు రోజులు ఇంటికి బియ్యం పంపడమో సంఘానికి పెద్ద భారం కాదు.

తీసుకెళ్ళక తప్పనప్పుడు

పుట్టింటి నుండి అత్తవారింటికి వెళ్ళే ప్రయాణం ఉండనే ఉంది. దానికి కొన్ని జాగ్రత్తలు.

మోటారు సైకిలు మీద, తల్లి పక్కకు తిరిగి కూర్చుని పొత్తిళ్ళలో బిడ్డను పట్టుకుని వెళ్ళడం రోజూ చూస్తున్నాం. ఒక గుంత చాలు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ వరకు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని చెబుతోంది. అంతకంటె చిన్న బిడ్డకు బండి మీద చోటు లేదని నా అభిప్రాయం. ఆ ఒక్కరోజుకు ఆటో మాట్లాడుకోండి. కారైతే ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టవద్దు. ఎయిర్ బ్యాగు పెద్దవారిని కాపాడుతుంది, పసివాడిని చంపగలదు. వెనుక సీట్లో, వెనక్కి ముఖం ఉండే పసిపిల్లల సీటు అన్నిటికంటె మేలు. అద్దాలు మూసి ఆపిన కారులో బిడ్డను ఒక్క నిమిషం కూడా వదలవద్దు.

చలికాలంలో తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేసి, మనం వేసుకున్న దానికంటె ఒక పొర ఎక్కువ బట్ట వేస్తే చాలు. ముక్కూ నోరూ ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. చిన్న బిడ్డకు తల్లి గుండెలకు చర్మం తగిలేలా హత్తుకుని పైన దుప్పటి కప్పుకోవడం కంటె మంచి వెచ్చదనం లేదు. మే నెల ఎండల్లో మాత్రం ఉన్ని బట్టలు చుట్టవద్దు. పలుచని నూలు బట్ట చాలు. పొద్దున పదింటి నుండి సాయంత్రం నాలుగింటి దాకా ప్రయాణం మానండి. దాహమని నీళ్ళు, గ్లూకోజు పట్టవద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలలోనే నీళ్ళున్నాయి, మరికాస్త తరచుగా ఇవ్వండి. దోమల వేళ వల కప్పండి. రెండు నెలలలోపు బిడ్డ ఒంటికి దోమల మందు రాయవద్దు.

చివరగా సంఘస్థులందరికీ, మా ఆసుపత్రికి బాలింతలను చూడవచ్చేవారికీ ఒక మనవి. చేతులు సబ్బుతో కడుక్కుని మాత్రమే బిడ్డను తాకండి. జలుబో దగ్గో ఉంటే గుమ్మం దగ్గరే ఆగండి. ముఖం మీద ముద్దు పెట్టవద్దు. పాదాలను తాకి మురిసిపోండి. ప్రతి చర్చిలో ఒక మూల చాప, ఫ్యాను, తెర ఏర్పాటు చేస్తే తల్లి సిగ్గుపడకుండా పాలిచ్చుకుంటుంది.

ఆ మొదటి ఆడబిడ్డ ఇప్పుడు బడికి వెళుతోంది. మొన్న చెల్లెలు పుట్టినప్పుడు వాళ్ళ ఇంటి తలుపు మీద ఒక కాగితం అంటించారు: "నెల దాటాక రండి, అప్పుడు మీ ఒళ్ళోనే పెడతాం." దాన్ని చూసి ఎవరూ కోపగించుకోలేదట. ఆ కాగితం అమ్మమ్మే రాయించిందని విని నాకెంతో సంతోషం కలిగింది. మీ ఇంటి తలుపుకూ అలాంటిది ఒకటి అంటించండి.