అధికార మొకరిది, శిక్ష యొకరికి

ఆస్పత్రిలో రోగి మరణించినప్పుడు మొట్టమొదట నింద మోయునది నర్సమ్మ. మందు వ్రాసిన డాక్టరుగారు అప్పటికి వేరొక వార్డులో నుందురు. ఉద్యోగములు మంజూరు చేయని అధికారి రాజధానిలో నుందురు. మంచము ప్రక్కన చేతికి దొరకునది యామె యొక్కతెయే. కర్నూలు, కడప మండలములవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఇంతమాత్రమునకు మేము కలము పట్టనక్కర లేదు. కాని 2024వ సంవత్సరము జూలై 1వ తేది మొదలు చట్టముకూడ ఆ నిందించు గుంపులో చేరినది.

ఎట్లనగా, 1870లో ఇండియన్ పీనల్ కోడునకు చేర్చిన 304-ఎ సెక్షను ప్రకారము, అజాగ్రత్తచే మరణము కలిగించినవారు డాక్టరైనను, నర్సైనను, లారీ డ్రైవరైనను గరిష్ఠశిక్ష రెండేండ్లే. తెల్లదొరల చట్టమైనను అందు పంక్తిభేదము లేదు. దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను ఆ గరిష్ఠశిక్షను ఐదేండ్లకు పెంచినది. రిజిస్టరైన వైద్యుడు వైద్యప్రక్రియ జరుపుచుండగా కలిగిన మరణమునకు మాత్రము రెండేండ్లే యని మినహాయించినది. వైద్యుడనగా నెవరు? 2019 నాటి జాతీయ వైద్యకమిషను చట్టముక్రింద గుర్తింపబడిన పట్టము గలిగి, వైద్యుల రిజిస్టరులో పేరున్నవాడని ఆ సెక్షను క్రిందనే వివరణ వ్రాసిరి. నర్సు పేరు ఆ రిజిస్టరులో నుండదు. ఆమెకు 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టము మొదలు వేరే రిజిస్టరు కలదు. ఆ రిజిస్టరువైపు 106వ సెక్షను కన్నెత్తియైన చూడలేదు. ఒకే రోగి, ఒకే సూది, ఒకే పొరపాటు. వ్రాసినవారికి మించినచో రెండేండ్లు, వ్రాసినట్లు పొడిచిన యామెకు ఐదేండ్లవరకు! వలసపాలన వాసన పోగొట్టుటకే యీ చట్టమని ఢిల్లీలో చెప్పిరి. దొర రెండేండ్లన్నచోట స్వరాజ్యప్రభుత్వము నర్సమ్మకు ఐదేండ్లనుట యే వాసనయో వారే చెప్పవలెను.

డాక్టర్లకు శిక్ష పెంపుడని మేము కోరుట లేదు. నర్సులలో దోషులు లేరనియు మేమనము. చేయి చాచువారు, బీదవాండ్రను కసరికొట్టువారు కలరు; అట్టివారిని నిస్సంకోచముగా దండింపుడు. మా ప్రశ్న వేరు. ఒక్క మనిషికి పదిమంది పని యొప్పగించి, అందులో తొమ్మిది చెడినప్పుడు చెడగొట్టినదెవరు?

రాత్రి రెండు గంటలనుకొందము. వార్డునంతటికి ఒక్క నర్సు. నల్లమల యంచున ఆత్మకూరునుండి రక్తపింజర కరచినవానిని తెచ్చిరి. విరుగుడు మందు ఎక్కుచున్నది. అది ఎక్కు మొదటి నిమిషములలోనే కొందరికి ఊపిరి కట్టి రక్తపుపోటు పడిపోవును. అడ్రినలిను చేతబట్టి ప్రక్కన నిలువవలెను. ఆ ప్రక్కన పురుగుమందు త్రాగిన పత్తికొండ రైతు. అతనికి నిమిషముల లెక్కన అట్రోపిను పెంచుచు, రొమ్ములో గురగుర తగ్గినదా యని మరల మరల వినుచుండవలెను. తుంగభద్ర దాటి గద్వాలనుండి వచ్చిన మధుమేహపు ముసలమ్మ చెమటలు పట్టి మాటాడుట లేదు. గ్లూకోజు పోసినచో నిమిషములలో లేచును, ఆలస్యమైనచో మెదడు చెడును. నాలుగవ మంచమువాడు పట్టణపు పెద్దమనిషి. జ్వరము తగ్గినది గాని సెలైను సీసా ఖాళీయైనది. పలుకుబడి గలవారిచేత ఫోను చేయించి, "సిస్టరెక్కడ?" అని కేకలు వేయుచున్నాడు.

ముందెవరు? ఊపిరి, రక్తప్రసారము, స్పృహ, పిమ్మటనే తక్కినవి. నర్సు మొదటియేటనే నేర్చుకొను పాఠమిది. ఈ లెక్కను పెద్దమనిషి నాలుగవవాడు. కాని మరునాడు ఫిర్యాదు వ్రాయునది అతడే. ఈ పత్రికను పఠనమందిరములలో చదువు మహాశయులలో సిఫారసు చీటీతో ఆస్పత్రికి పోనివారెందరు? ఆ చీటీ యొక్క నర్సును మరియొక మంచమునుండి లాగుకొని వచ్చుచున్నదని యెన్నడైన తలచితిరా?

ఇక పని పంచియిచ్చుట. పక్క మార్చుట, రోగిని త్రిప్పి పండుకొనబెట్టుట ఆయాకు, వార్డుబాయికి అప్పగింపవచ్చును. మందు మోతాదు, రక్తమెక్కించుట, మందు వికటించుచున్నదా యని చూచుట అప్పగింపరాదు. ఇది న్యాయమే. కాని రెండు చేతులవారికి నాలుగు మంచములు ఒక్కసారి పిలిచినప్పుడు, పాముకాటువాని తమ్ముని పిలిచి "అబ్బాయీ, ఈ సీసా చూచుచుండుము" అనక యామె యేమి చేయును?

స్ప్రింగ్ మెడోస్ ఆస్పత్రి కేసులో సుప్రీంకోర్టు 1998లో ఏమన్నదో చూడుడు. సన్నిపాతజ్వరపు బాలునికి ఒక మందునకు బదులు వేరొక మందు సూది వేయగా గుండె యాగి మెదడు చెడినది. వేసిన యామె రిజిస్టరైన నర్సే కాదు. తాను చేయవలసిన పనిని ఆమెకు వదలిన డాక్టరును, అట్టియామెను కొలువులో నుంచిన ఆస్పత్రిని కోర్టు బాధ్యులను చేసినది, బాలునికి 12.5 లక్షలు, తలిదండ్రులకు 5 లక్షలు ఇప్పించినది. ప్రభుత్వ డాక్టర్ల అజాగ్రత్తకు ప్రభుత్వమే బాధ్యురాలని 1996లో అచ్యుతరావు కేసునను, 2000లో సంత్రా కేసునను తీర్పులు వచ్చినవి. అనగా సొమ్ము విషయమున న్యాయము పైకి చూచుచున్నది. జైలు విషయమున క్రిందికి చూచుచున్నది.

ఇంకొక చిక్కు. అందరికిని ఉచితముగా వైద్యము చేయు ఆస్పత్రిపై వినియోగదారుల కోర్టుకు పోరాదని 1995లో శాంత కేసున తేలినది. సివిలు కోర్టుకు పోవుటకు బీదవానికి ఓపిక లేదు, ఏండ్లు పట్టును. అతనికి ఖర్చులేక మిగిలిన ద్వారము పోలీసు ఠాణా యొక్కటే. అచ్చట పేరు వ్రాయింపవలెను. అతడెరిగిన పేరు నర్సమ్మదే.

బోధనాసుపత్రులలో ముగ్గురు రోగుల కొక నర్సు, సామాన్యాసుపత్రులలో ఐదుగురి కొకరు ఉండవలెనని ఇండియన్ నర్సింగు కౌన్సిలు ప్రమాణము. దీనిని మీరిన యే కార్యదర్శియైన కోర్టుమెట్లెక్కెనా? కర్నూలునకు 1957లో వైద్యకళాశాల వచ్చినది, కడపకు 2006లో వచ్చినది. భవనములు లేచినవి, శిలాఫలకములు నాటిరి. 2020లో రాష్ట్రములోకెల్ల కర్నూలున కరోనా విజృంభించిన దినములలో నర్సులకు చప్పట్లు కొట్టితిమి. చప్పట్లకు బడ్జెటు అక్కరలేదు గదా!

ప్రైవేటు నర్సింగుహోముల సంగతి క్లుప్తముగా చెప్పుదుము. తెల్లబట్ట తొడిగినంతనే నర్సు కాదు. ఏబది మంచములకు లోబడినచోట్లనైన నెలకు 20,000 రూపాయలకు తగ్గించి జీత మీయరాదని 2016లో కేంద్రప్రభుత్వ సంఘము సిఫారసు చేసినది. చదివినవారికి ఆ జీత మిచ్చుటకు మనసొప్పకయే కొందరు యజమానులు చదువని పిల్లలచేతికి సూది యిచ్చుచున్నారు.

మే 12న దీపములు వెలిగించి నైటింగేలమ్మను తలచుకొందురు. ఆమె దీపము పట్టినది రాత్రులందు. పగలు లెక్కలు వ్రాసినది. క్రిమియాలో సైనికులు గాయములకంటె నివారింపదగిన రోగములచేతనే యెక్కువగా చచ్చిరని అంకెలతో చూపి అధికారులను నిలదీసినది. 1876–78 నాటి ధాత కరువున మన దేశమునకు కాలువలు త్రవ్వింపుడని వ్రాసినదియు నామెయే. ఆ లెక్కలపుస్తకమును మరచి దీపమును మాత్రమే ఉంచుకొంటిమి.

కావున 106వ సెక్షను వివరణలో రిజిస్టరైన నర్సులను చేర్చుటకు మన పార్లమెంటుసభ్యులు సవరణ తేవలెను. అంతవరకు, నిపుణుల యభిప్రాయము లేనిదే డాక్టరుపై నేరము మోపరాదని 2005 జేకబ్ మాథ్యూ తీర్పు పెట్టిన కట్టును నర్సులకును వర్తింపజేయుచు ప్రభుత్వము పోలీసులకు ఉత్తరువు లీయవలెను. కేరళ హైకోర్టు 2024లో తన ప్రభుత్వమునకు చెప్పినదిదియే. ప్రతి వార్డు గుమ్మమున, ఈ పూట రోగు లెందరు, నర్సు లెందరు, ప్రమాణము ప్రకార మెందరుండవలెనో పలకపై వ్రాయవలెను. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప న్యాయవాదుల సంఘములు ఈ విన్నపములను వ్రాసి పెట్టుటకు పూనుకొనవలెను. దీనికి మేమును సిద్ధముగా నున్నాము. నర్సమ్మలకు మా సలహా యొక్కటి. డ్యూటీ చేపట్టిన క్షణముననే, ఏమియు జరుగకమునుపే, "ఇందరు రోగులకు నే నొక్కతెను" అని రిపోర్టుపుస్తకమున గంటతోసహా వ్రాసి, సూపరింటెండెంటుకు తెలిపినట్లు సంతకము తీసికొనుడు. నోటిమాటపై మందు వేయవలసి వచ్చినచో, ఆ మాట చెప్పినవారిచేత తెల్లవారకమునుపే కేసుషీటులో వ్రాయించుకొనుడు.