పంచె చిరిగింది, పూతరేకు చినిగింది
వంటింట్లో ప్రయోగాలు చేసేవాళ్లను నేనెప్పుడూ వెనకేసుకొస్తాను, నేనూ ఆ బాపతే కాబట్టి. కానీ కొన్ని వంటలు కప్పుల కొలతకు లొంగవు. మొన్న ఆదివారం నాకు పూతరేకుల మీద మనసు పోయింది. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకులో ఉన్నదేముంది, బియ్యం, నెయ్యి, పంచదారే కదా అనుకున్నాను. అక్కడి ఆడవాళ్లు బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో పొర లేస్తుంది. నేను గ్యాస్ పొయ్యి మీద ఇనప మూకుడు బోర్లించి, మా ఆయన పాత పంచె చింపి, ముంచి లాగాను. పొర రాలేదు సరికదా, గుడ్డే అతుక్కుపోయింది. పిండి ‘పాలలా’ ఉండాలంది నేను చూసి మొదలుపెట్టిన వీడియో. ఏ పాలు? గేదెవా, మా పాలవాడు పోసేవా? పన్నెండో ప్రయత్నానికి అరచేతంత ముక్క లేచింది, అంచులు ఎలకలు కొరికినట్టు. ‘తగినంత’, ‘జారుగా’, ‘దోరగా’ అని రాసేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు కనీసం నిజాయితీగా తప్పించుకుంటున్నారు. ఏళ్ల తరబడి చేతికి పట్టిన లాఘవాన్ని పది నిమిషాల్లో నేర్పేస్తామనడం మాత్రం మోసమే. అత్తయ్య వచ్చి పళ్లెంలోకి తొంగిచూసి, "అటుకులు వేయించావా అమ్మా?" అన్నారు. నెయ్యి, పంచదార కలిపి చెంచాలతో తినేశాం. పంచె సంగతి ఆయనకింకా తెలీదు.