పొలము మన్ను, ఇంటి గోడ

మన ప్రాంతమున నేడు లేచుచున్న క్రొత్తయిండ్లు చూపునకు గట్టివే. వేసవిలో వానియందు నివసించుట మాత్రము కష్టముగా నున్నది. రామగుండము, గోదావరిఖని, మంథని, పెద్దపల్లి ప్రాంతములయందు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. అట్టిచోట నాలుగైదంగుళముల సిమెంటు స్లాబును నెత్తిన వేసి, దానిపై నేమియు కప్పక, పడమటి గోడ నంతటిని ఎండకు విడిచి కట్టుచున్నారు. పగలెల్ల కాగిన స్లాబు రాత్రి రెండుజాములవఱకు ఆ వేడిమిని లోనికి వదలుచునే యుండును. పంకా తిరిగినను అది కలియబెట్టునది ఆ వేడిగాలినే.

గృహనిర్మాణముతో రైతుసంఘపు పత్రిక కేమి పని యని కొందఱడుగవచ్చును. ఆ ఇంటి గోడ ఎక్కడనుండి వచ్చుచున్నదో విచారించినచో ఇది వ్యవసాయమునకు సంబంధించిన విషయమే యని తేలును. ఇటుక పొలమునుండి వచ్చుచున్నది. పంట తక్కువైన యేట బట్టీ యజమాని వచ్చి, మెరక చేను చదునుచేసి పెట్టెదమని, పైగా రొక్కము నిచ్చెదమని చెప్పగా మన రైతులు ఒప్పుకొనుచున్నారు. చేనిపైనున్న అడుగు మన్ను లారీల కెక్కుచున్నది.

ఈ బేరములో పోవునది యెంతయో లెక్కవేసి చూతము. తొమ్మిదంగుళముల పొడవు, నాలుగున్నర అంగుళముల వెడల్పు, మూడంగుళముల మందము గల ఇటుకలు 15,000 కావలెనన్న సుమారు 1,055 ఘనపుటడుగుల మన్ను పట్టును. ఒక గుంట యనగా 121 చదరపు గజములు, అనగా 1,089 చదరపుటడుగులు. కనుక రెండుగదుల యిల్లు, దాని పునాది, చిన్న ప్రహరీ కట్టుకొనుటకు ఒక గుంట భూమి అడుగు లోతున లేచిపోవును. నలువది ఇండ్లు లేచిన ఒక ఎకరము. ఆ పై అడుగుననే కదా వేరు పారునది, పెంట యిమిడియుండునది, తేమ నిలుచునది. దానిక్రింద బయటపడు గట్టినేలకు ఎన్ని బండ్ల యెరువు తోలినను ఏండ్ల తరబడి మునుపటి దిగుబడి రాదు. అంగుళము పైమన్ను తయారగుటకు ప్రకృతికి వందల యేండ్లు పట్టును. బట్టీవాడిచ్చిన రొక్కము ఒక పంటకాలమున ఖర్చగును.

మన్ను మాత్రమే కాదు. లక్ష ఇటుకలు కాల్చుటకు బట్టీ రీతినిబట్టి సుమారు పదునైదు, ఇరువది టన్నుల బొగ్గు పోవును. అనగా మనమనుకొన్న రెండుగదుల యింటి గోడలలో రెండుమూడు టన్నుల బొగ్గు కాలి యున్నదన్న మాట.

ఇక మన ప్రక్కననే యున్న రెండవ పదార్థమును చూడుడు. రామగుండము ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమున మొదటి యంత్రము 1983లో నడచినది. అది పెరిగి పెరిగి 2,600 మెగావాట్లకు చేరినది. 2023, 2024 సంవత్సరములలో తెలంగాణ విద్యుత్కేంద్రమను పేర అచ్చటనే మఱి 1,600 మెగావాట్లు చేరినవి. సింగరేణి బొగ్గు దీనికి ఆహారము. మన దేశపు బొగ్గు నూరు టన్నులు కాల్చిన ముప్పది మొదలు నలువది టన్నుల వఱకు బూడిద మిగులును. ఆ బూడిదను నీటితో కలిపి కుందనపల్లి చెరువునకు పంపుచున్నారు. వేసవిలో చెరువెండి గాలి లేచినప్పుడు చుట్టుపట్ల గ్రామములవారికి ఆ బూడిద సంగతి మేము వర్ణింప నక్కఱలేదు. ఆరవేసిన బట్టలమీదను, ఆకులమీదను, అన్నము మీదను అదే.

ఒకవంక నేలను త్రవ్వి గుంతలు చేయుచున్నాము. మఱియొకవంక బూడిద గుట్టలై పడియున్నది. ఈ రెండింటిని కలుపు ఆలోచన మన తెలుగుదేశముననే జరిగినది. విశాఖపట్టణమున భానుమతీదాసు, కాళిదాసు గార్లు బూడిద, సున్నము, జిప్సము మూడింటిని కలిపి అచ్చువేసి, బట్టీలో కాల్చకయే నీటితో తడిపి గట్టిపఱచు ఇటుకను రూపొందించిరి. ఫాల్-జి యను పేర అది దేశమంతట వ్యాపించినది. ఇందలి సూక్ష్మము మన పెద్దల కెఱుగనిది కాదు. డంగుసున్నములో ఇటుకపొడి, అనగా సుర్ఖీ, కలిపి నూరినచో నీటిలోను గట్టిపడునని వారెఱుగుదురు. రోమకులు అగ్నిపర్వతపు బూడిదను సున్నముతో కలిపి కట్టిన రేవులు రెండువేల యేండ్లుగా సముద్రపు అలల కోర్చియున్నవి. బొగ్గుబూడిదయందలి సిలికా, అల్యూమినా సున్నముతో కలిసి అదే పని చేయుచున్నవి.

శాసనము కూడ ఈ వైపుననే యున్నది. 1999 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వ పర్యావరణశాఖ యొక ప్రకటన చేసి, బొగ్గు విద్యుత్కేంద్రములకు 50 కిలోమీటర్ల లోపల మట్టియిటుక చేయువారు నూటికి 25 పాళ్ళ బూడిదనైన కలుపవలెనని విధించినది. 2003లో ఆ దూరమును 100 కిలోమీటర్లకు పెంచిరి. 2021 డిసెంబరు ప్రకటన విద్యుత్కేంద్రములు తమ బూడిద నంతటిని వినియోగపఱుపవలెనని నిర్బంధించినది. ఈ లెక్కన మన తాలూకాలలో పచ్చిమన్నుతోనే ఇటుక కోయుట యెన్నడో ఆగవలసినది. ఆగలేదని బట్టీల పొగ చెప్పుచున్నది. అధికారులను నిందించుట సులభమే. కొనువాడు అడుగనంతవఱకు అమ్మువాడు మారడనునదియు నిజమే.

బూడిద యిటుకపై మన మేస్త్రీలకు గల అనుమానము పూర్తిగా నిరాధారమని మేము చెప్పము. తొందరపడి సున్నమును సిమెంటును తగ్గించి, వారమైన తడుపక అమ్మిన ఇటుకలు చేతిలోనే నలిగిపోవుట మేమును చూచితిమి. మూడువారములైన తడిపినదే కొనవలయును. రెండిటుకలను కొట్టిన ఖంగుమనవలెను. నడుమెత్తునుండి జారవిడిచిన ముక్కలు కారాదు. ఒక దినము నీట నాన వేసి తూచిన నూటికి ఇరువది పాళ్ళకు మించి బరువు పెరుగరాదు. ఈ ఇటుకల కొలతలు సమానముగా నుండుటచే అడుసు తక్కువ పట్టును, పూత పలుచనగా సరిపోవును. బూడిద విషమని భయపడువారికి మేము చెప్పున దేమన, విడిబూడిదను పీల్చుట నిశ్చయముగా హానియే. కనుక అచ్చుకూటమున పనిచేయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఇంటి అరుగుక్రింద విడిబూడిద పోసి పైన కప్పకుండ విడువరాదు. ఇటుకలో గట్టిపడిన బూడిద గాలికి లేవదు.

అయినను ఒక మాట దాచరాదు. బూడిద యిటుక నేలను కాపాడునే కాని, దానంతట నది యింటిని చల్లబఱుపదు. చల్లదనమునకు గోడకట్టు, కప్పు, దిక్కు చూచుకొనవలయును. ఆంగ్లదేశమున పుట్టి 1945లో భారతదేశమునకు వచ్చి కేరళమున స్థిరపడిన లారీ బేకరుగారు ఇటుకలను పడుకోబెట్టక నిలువుగా నిలిపి, నడుమ బోలు వదలు ఎలుకబోను కట్టును ప్రచారము చేసిరి. ఆ కట్టులో నాలుగవవంతు ఇటుకలు మిగులును. నడుమనున్న గాలి ఎండను అడ్డగించును. ఒకేకొలత గల బూడిద యిటుకలు దీనికి మిక్కిలి అనుకూలము.

దిక్కుల సంగతి మన వాస్తుపండితులు చెప్పునది వేఱు, సూర్యుడు చెప్పునది వేఱు. మే నడుమనుండి జూలై చివరివఱకు మన ప్రాంతమున మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి కొంచె ముత్తరముగనే నడచును. కావున ఆ కాలమున ఎండ యెక్కువగా తాకునది ఇంటి కప్పును, సాయంకాలము పడమటి గోడను. ఇల్లు తూర్పుపడమరలుగా పొడుగై, పడమటివైపున గడ్డివాము, సామానుగది, లేక వసారా యుండిన పడుకొను గది చల్లగా నుండును. వీలున్నచో అటు వేపయో కానుగయో నాటుడు. పాత పెంకుటిండ్లు చల్లగా నుండుటకు కారణము గోడల మందము, పెంకుల సందులలో ఆడు గాలి, నడుమ వాకిలి. వానిలో చీకటి, పొగ, తేళ్ళు కూడ నుండెనని మఱువరాదు. ఆ యిండ్లనే మరల కట్టుడని మేము కోరుట లేదు.

వంటయింటి మాట. బొగ్గుపొయ్యి పొగ యీ గనుల ప్రాంతమున ఎఱుగనివారుండరు. ఇప్పటికిని బొగ్గుకుంపటి వాడువారు పొగగొట్టము లేకుండ వాడరాదు. చలికాలమున మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. దాని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు.

కప్పునకు మాత్రము ఈ వేసవికే చేయదగిన పని యున్నది. ఎండు సున్నమును నీట కలిపి, అంటుకొనుటకు కొంత బంక చేర్చి, స్లాబుపై రెండుపూతలు వేయుట. తెల్లని కప్పు ఎండను తిప్పికొట్టును. హైదరాబాదు భవనములపై జరిపి 2012లో ప్రకటించిన పరిశోధనలో నల్లని కప్పును తెల్లజేసినపుడు చల్లదనపు యంత్రములకు పట్టు విద్యుత్తు నూటికి 14 మొదలు 26 పాళ్ళవఱకు తగ్గినట్లు తేలినది. మన యిండ్లలో అట్టి యంత్రములు తక్కువ. మనకు మిగులునది కరెంటుకన్న నిద్ర. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ప్రకటించిన చల్లని కప్పుల విధానము 600 చదరపు గజములు మొదలు పెద్దస్థలముల నివాసగృహములకు దీనిని విధిగా జేసి, చిన్నయిండ్లను ఇష్టమునకు విడిచినది. నిజమునకు ఎండ యెక్కువ తగులునది చిన్నయింటివారికే. వానలకు సున్నము నల్లబడును. కనుక ఏటేట ఫాల్గుణమున మరల పూయవలెను. పండుగకు గోడలకు సున్నము వేయు ఆచారము మనకున్నది. కప్పునకు వేయుట క్రొత్త కాదు, ఒక నిచ్చెన యెక్కుటయే.

ఈ విషయమున సహకారసంఘమే ముందు నడువవలెనని మా అభిప్రాయము. సంఘముల గోదాములు పెక్కు రేకుల కప్పు గలవి. వానియందే వానాకాలపు విత్తనము వేసవియంతయు నిలువయుండుచున్నది. విత్తనము నిలువచేయు చోట వేడిమి 5 డిగ్రీలు తగ్గిన దాని మొలకశక్తి రెండింతల కాలము నిలుచునని విత్తనశాస్త్రజ్ఞు లంగీకరించిన లెక్క. కావున గోదాము కప్పు తెల్లజేయుట విలాసము కాదు. అందు వేసవిలో వేడిమాని నొకదానిని వ్రేలాడదీసి, పూతకు ముందును వెనుకను దినదినము వ్రాసియుంచిన సభ్యులు తమకన్నులతోనే చూచుకొందురు.

రెండవది ఇటుకల కొనుగోలు. ఎరువులను కలిసి కొన్నట్లే ఇటుకలను గూడ కలిసి కొనవచ్చును. పదిమంది సభ్యులకు ఒక్కొకరికి 15,000 కావలెనన్న లక్షయేబదివేల ఇటుకలు. అంత పెద్దబేరమునకు నాసిరకము పంపుటకు అచ్చుకూటపువారు వెనుదీయుదురు. నమూనా పరీక్షించినగాని డబ్బీయమనవచ్చును. ఓపెన్ కాస్టు గనులకు భూములిచ్చి నష్టపరిహారముతో క్రొత్తచోట ఇండ్లు కట్టుకొనుచున్న కుటుంబములకు ఇది ముఖ్యముగా నుపకరించును. వారు ఒకసారి నేలను విడిచివచ్చినవారు. వారి గోడలకై మఱియొకరి చేను గుంత కారాదు.

ఇక పైమన్ను అమ్మిన సభ్యునికి భూమిని బాగుచేసికొనుటకు సంఘము అప్పీయవలెనా వలదా యనుటలో అభిప్రాయభేదము కలదు. ఈయరాదనియే మేము తలచుచున్నాము. అప్పులో మునిగి మన్నమ్ముకొన్న వాని కట్లు చేయుట అన్యాయమని మఱికొందఱి వాదము. అందును బలము లేకపోలేదు. ఆ రైతుకు పంటఋణము సకాలమున చేరినచో బట్టీవాని గుమ్మమెక్కడు కదా. ఈ రెండు సంగతులను కలిపి రాబోవు సర్వసభ్యసమావేశమున విచారింపవలయునని కోరుచు, క్రొత్తయిల్లు కట్టదలచిన సభ్యులు తమకు కావలసిన ఇటుకల సంఖ్యను ముందుగా సంఘకార్యదర్శికి వ్రాసి పంపవలసినదిగా మనవి చేయుచున్నాము.